మళ్లీ బేస్ భుజానికెత్తుకునేవాళ్లకి: ఏది మొయ్యాలి, ఏది ఇంట్లో వదలాలి

పన్నెండేళ్ల తర్వాత మళ్లీ స్టేజి ఎక్కుదామనుకున్నప్పుడు నేను మొదట చేసిన పని సాధన కాదు. పాత సామానంతా రిక్షాలో వేసుకెళ్లి, మా వీధి చివర జీడిపిక్కల వ్యాపారి కాటా మీద ఒక్కొక్కటే పెట్టి తూయించాను. పదిహేనంగుళాల స్పీకరున్న బాక్సు 38 కిలోలు. యాంప్ (శబ్దం పెంచే యాంప్లిఫయర్) 13. బేస్ గిటార్ 4.7, దాని చెక్క కేసు 4.8. వైర్లు, స్టాండు, బెల్టు కలిపి 2.5. మొత్తం 63 కిలోలు. వ్యాపారి లెక్క చూసి, "బియ్యం బస్తా మీద చిన్న పిల్లాణ్ని కూర్చోబెట్టినట్టుంది మాస్టారూ" అన్నాడు.

ముప్పై ఏళ్ల వయసులో ఈ బస్తానీ పిల్లాణ్నీ మోసుకునే పర్లాకిమిడి నుంచి గుణుపురం, రాయగడ, బరంపురం తిరిగాను. ఇప్పుడు యాభై దాటాయి, నడుములో ఒక డిస్కు జరిగింది. పైగా 2018 అక్టోబరులో తిత్లీ తుపాను రాత్రి వెనక గది రేకులు లేచిపోయి, ఆ బాక్సు తెల్లవార్లూ వానలో నానింది. ప్లైవుడ్ పొరలు పొరలుగా విచ్చుకుంది. అంటే కొత్తగా ఏదో ఒకటి కొనక తప్పదు. ఏది కొనాలన్న దాని మీద ఏడాదిన్నర పాటు అడిగి, అరువు తెచ్చుకుని, రెండు ప్రోగ్రాముల్లో పరువు పోగొట్టుకుని తేల్చుకున్న విషయాలు ఇవి. మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు ఊళ్లలో ఆర్కెస్ట్రాలో (అవతలి వీధిలో ఒడియా మిత్రులు దీన్నే మెలొడీ అంటారు) వాయించేవాళ్లని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. హైదరాబాదు స్టూడియోలో వాయించేవాళ్లకి ఇందులో సగం అవసరం ఉండదు.

ముందు ఒక తేడా గమనించాలి. బరువులు రెండు రకాలు. ఒకటి చేత్తో మోసే బరువు: యాంప్, బాక్సు. దాన్ని పది నిమిషాలు మోస్తాం, తర్వాత అది నేల మీద ఉంటుంది. రెండోది ఒంటి మీద వేలాడే బరువు: బేస్. అది మూడు నాలుగు గంటలు ఎడమ భుజం మీదే ఉంటుంది. చాలామంది నాలాగే ముందు యాంప్ మార్చి, డబ్బంతా అక్కడే ఖర్చు పెట్టి, మర్నాడు పొద్దున మెడ తిప్పలేక "ఇంత తేలికది కొన్నా నొప్పి తగ్గలేదేంటి" అనుకుంటారు. నొప్పి నడుములో ఉంటే మోసే బరువు సంగతి చూడండి, మెడలోనో భుజంలోనో ఉంటే వేలాడే బరువు సంగతి. రెండు చోట్లా ఉంటే బేస్ తోనే మొదలుపెట్టమంటాను. నొప్పి చేతిలోకి, వేళ్లలోకి తిమ్మిరిగా దిగుతుంటే మాత్రం కొనుగోలు మాట తర్వాత, ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి.

అసలు యాంప్ కావాలా?

మా రోజుల్లో బేస్ వినబడాలంటే మన బాక్సే దిక్కు. మైక్ సెట్టు వాళ్ల దగ్గర గొట్టం స్పీకర్లు, గాయకుడికి రెండు నిలువు కాలమ్‌లు ఉండేవి. ఇప్పుడు చిన్న ఊరి వినాయక చవితి పందిరికి కూడా పద్దెనిమిది అంగుళాల బేస్ బాక్సులు జతలు జతలుగా దిగుతున్నాయి. వాటి ముందు మన నలభై వాట్లు ఎంత, నాలుగు వందల వాట్లు ఎంత. జనానికి వినిపించే పని సౌండ్ వాళ్లదే. మన యాంప్ మనకీ, పక్కన ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్స్ వాయించే కుర్రాడికీ వినబడితే చాలు.

ఈ సంగతి అర్థమయ్యాక ఎదురుగా మూడు దారులున్నాయి. అసలు యాంప్ లేకుండా ఒక చిన్న డబ్బా మాత్రం తీసుకెళ్లడం, యాంపూ స్పీకరూ ఒకే పెట్టెలో ఉండే చిన్న కాంబో తీసుకెళ్లడం, తేలికపాటి యాంప్ హెడ్డు (స్పీకరు లేని యాంప్), స్పీకరు బాక్సు విడివిడిగా తీసుకెళ్లడం.

మొదటిది చూడ్డానికి చాలా ఆకర్షణీయంగా ఉంటుంది. డీఐ డబ్బా అంటారు. బేస్ నుంచి వచ్చే సిగ్నల్‌ని మూడు పిన్నుల మైక్ కేబుల్‌లో పొడవుగా పంపినా గురగుర రాకుండా మిక్సర్‌కి అందించే పరికరం. మామూలు డీఐలో లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ తప్ప ఏమీ ఉండదు, దానికి బ్యాటరీ అక్కర్లేదు. ప్రీయాంప్ ఉన్న పెడల్ రకంలో బేస్, ట్రెబుల్ తిప్పుకునే గుబ్బలు, యాంప్‌లో వాయించినట్టు వినబడే గుణం కూడా ఉంటాయి. టెక్ 21 వాళ్ల శాన్స్‌యాంప్ బేస్ డ్రైవర్ ఈ తరహాలో పేరున్నది. బెరింగర్ బీడీఐ21 అదే దారిలో నడిచే చవక డబ్బా. ప్లాస్టిక్ ఒళ్లే గానీ పని చేస్తుంది. వీటికి 9 వోల్టుల బ్యాటరీ గానీ అడాప్టర్ గానీ కావాలి. కొన్ని మిక్సర్ నుంచి వచ్చే 48 వోల్టుల మీద కూడా నడుస్తాయి. బరువు అరకిలో కూడా ఉండదు.

నేను మొదట ఇదే తీసుకుని బరంపురంలో ఒక పెళ్లికి వెళ్లాను. వీపున సంచి, చేతులు ఖాళీ. రాజాలా దిగాను. సౌండ్ చెక్‌లో అంతా బాగుంది, నా కాళ్ల ముందున్న మానిటర్ స్పీకరులో బేస్ గుండ్రంగా వినబడింది. వధూవరులు వచ్చే ముందు గాయని గొంతు తనకి వినబడటం లేదంటే సౌండ్ అబ్బాయి ఆ మానిటర్‌ని ఆవిడ వైపు తిప్పేశాడు. అక్కడి నుంచి నాకు నా బేస్ వినబడలేదు. స్టేజి వెనక్కి వచ్చేదంతా ఉత్త గుంయ్ మనే మోత, అందులో ఏ స్వరమో తెలియదు. ప్యాడ్స్ కుర్రాడి కుడి కాలు చూస్తూ లయ పట్టుకున్నాను గానీ, రెండో చరణంలో శ్రుతి మారే చోట ఒక మెట్టు కింద ఉండిపోయాను. నాలుగు తాళపు చుట్లు అలాగే సాగింది. గాయని వెనక్కి తిరిగి చూసిన చూపుతో తెలిసింది. చాలా ఏళ్ల తర్వాత తిరిగొచ్చినవాడికి అంతకంటే ఇబ్బంది ఏముంటుంది.

అందుకని డీఐ డబ్బా ఒక్కదాన్నే నమ్ముకోవద్దని చెప్పను గానీ, దాంతోపాటు మన శబ్దం మనకి వినబడే ఏర్పాటు మన చేతిలో ఉండాలి. ఇయర్‌ఫోన్ వాడొచ్చు. బెల్టుకి తగిలించుకునే చిన్న హెడ్‌ఫోన్ యాంప్ ఒకటి, మిక్సర్ నుంచి ఒక వైరు. అయితే సౌండ్ వాళ్లు ప్రత్యేకంగా ఒక ఆక్స్ లైన్ (మిక్సర్ నుంచి మనకి మాత్రమే విడిగా శబ్దం పంపే దారి) ఇవ్వాలి. పెద్ద మిక్సర్ తెచ్చే బరంపురం, రాయగడ పార్టీలు ఇస్తాయి, మండపాల మైక్ సెట్టు వాళ్లు ఇవ్వలేరు. ఒక చెవికే పెట్టుకుని రెండోది వదిలేస్తే తెలియకుండానే వాల్యూం పెంచుకుంటూ పోతాం, ఆ అలవాటు చెవికి మంచిది కాదు. పైగా మా ప్యాడ్స్ తమ్ముడు పాటల మధ్యలో "అన్నా, నెక్స్ట్ ఒడియా పాట" అని అరుస్తాడు, చెవులు మూసుకుంటే అది వినబడదు. నాకు కుదరలేదు. కుదిరినవాళ్లకి ఇంతకంటే తేలిక పద్ధతి లేదు.

రెండో దారి చిన్న కాంబో. నేను స్థిరపడింది ఇక్కడే. ఉదాహరణకి ఫెండర్ రంబుల్ 40: నలభై వాట్లు, పదంగుళాల స్పీకరు, బరువు 8 కిలోల చిల్లర. రంబుల్ 100లో స్పీకరు పన్నెండంగుళాలు, బరువు 10 కిలోలు. అదే వరుసలో రెండు పదంగుళాల స్పీకర్లున్న రంబుల్ 500 పదహారున్నర కిలోలు. పోలిక కోసం చెప్తాను: 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ తరహా పెద్ద సెట్టులో ఒక్క హెడ్డే 36 కిలోల దాకా, ఎనిమిది స్పీకర్ల బాక్సు 60 కిలోల పైన. వాటిని మొయ్యడానికి మనుషులుండే బ్యాండ్ల కోసం చేసిన సామాను అది.

బరువు ఎక్కడ తగ్గిందో తెలిస్తే కొనేటప్పుడు మోసపోం. పాత యాంప్ బరువులో ఎక్కువ భాగం కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌ది, ఇనుమూ రాగీ. మన ఇంటి కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది. ఆ వేగానికి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. కొత్తవి ఆ కరెంటునే లోపల వేల సార్లు ఊగేలా మార్చుకుంటాయి, దాంతో గుప్పెడంత ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుంది. సెల్ ఫోన్ ఛార్జర్ చిన్నదైంది కూడా ఈ పద్ధతి వల్లే. క్లాస్ డీ అనే రకం యాంప్‌లో వేడి తక్కువ పుడుతుంది, అంచేత వేడి లాగే అల్యూమినియం దిమ్మ కూడా చిన్నదే. స్పీకర్లలో మామూలు ఫెర్రైట్ అయస్కాంతం బదులు నియోడిమియం వాడితే అక్కడ ఇంకొంత తగ్గుతుంది, ధర మాత్రం పెరుగుతుంది. కాబట్టి "తేలికది" అని అమ్మేవాడు చెప్పగానే, యాంప్ తేలికా స్పీకరు తేలికా అని అడగండి. చవక కాంబోల్లో కొన్నిటికి యాంప్ తేలికగానే ఉంటుంది, బాక్సు మాత్రం పాత బరువే.

వాట్ల గురించి ఒక మాట. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది మూడు డెసిబెల్సే. చెవికి రెట్టింపు గట్టిగా అనిపించాలంటే సుమారు పదింతల వాట్లు కావాలి. నలభైకీ వందకీ తేడా ఉంది గానీ, కాగితం మీద కనబడినంత లేదు. స్పీకరు సైజు తేడా అంతకంటే బాగా తెలుస్తుంది. బేస్‌లో అన్నిటికంటే లావు తీగ, ‘ఈ’ (E) తీగ, వదిలి మీటితే సెకనుకి 41 కంపనాలు. అయిదు తీగల బేస్‌లో బి తీగ అయితే 31. నాలుగంగుళాల, ఆరంగుళాల స్పీకర్లు ఆ అడుగు శబ్దాన్ని నిజంగా ఇవ్వలేవు. దాని రెట్టింపు, 82 దగ్గరున్నదాన్ని ఇస్తాయి, మిగతాది మన చెవే పూరించుకుంటుంది. ఇంట్లో సాధనకి అది చాలు. స్టేజి మీద ప్యాడ్స్ పక్కన చాలదు. అందుకే పదంగుళాల కంటే చిన్నదానికి వెళ్లొద్దంటాను.

చిన్న కాంబో నేల మీద పెడితే శబ్దమంతా మోకాళ్ల మధ్య నుంచి వెళ్లిపోతుంది. టెంట్‌హౌస్ ప్లాస్టిక్ కుర్చీ ఒకటి అడిగి తీసుకోండి, ఏ పందిరిలోనైనా దొరికే స్టాండు అది. కుర్చీ మీద కాంబోని కాస్త వెనక్కి వాల్చి, మొహం మీ చెవి వైపు పెట్టండి. నలభై వాట్లు వందలా వినబడతాయి. కొనే ముందు కాంబో వెనక మూడు పిన్నుల డైరెక్ట్ అవుట్ ఉందో లేదో చూడండి. అది ఉంటే వేరే డీఐ డబ్బా అక్కర్లేదు, మిక్సర్‌కి అక్కడి నుంచే వైరు వెళ్తుంది. రంబుల్ 40లో ఉంది. చిన్న సైజు కాంబోలు చాలావాటిలో ఉండదు. ఆ ఒక్క కన్నం కోసం ఒక మెట్టు పైది కొనడం దండగ కాదు.

ఇక మూడో దారి, హెడ్డు వేరు బాక్సు వేరు. ట్రేస్ ఎలియట్ ఎల్ఫ్ అనే బుల్లి హెడ్డు 200 వాట్లు ఇస్తుంది, బరువు ముప్పావు కిలో కూడా లేదు. సంచి జేబులో వేసుకోవచ్చు. దానికి పన్నెండంగుళాల నియోడిమియం స్పీకరున్న బాక్సు ఒకటి జత చేస్తే శబ్దంలో మా పాత బస్తా దగ్గరికి వస్తుంది. మూడు దారుల్లోనూ ఖర్చు దీనిదే ఎక్కువ. హెడ్డు మీద రాసిన వాట్లు సాధారణంగా 4 ఓమ్స్ బాక్సుకి (ఓమ్స్ అంటే స్పీకరు కరెంటుకి చూపే అడ్డు). మీరు 8 ఓమ్స్ బాక్సు తగిలిస్తే అందులో సగం, మహా అయితే మూడింట రెండు వంతులే వస్తాయి. అమ్మేవాళ్లు ఈ సంగతి చెప్పరు. మంచి సౌండ్ సెట్టు రాని చోట్ల, అంటే కొండ మీద ఊళ్లలో, చిన్న హాళ్లలో ఎక్కువ వాయించేవాళ్లకి ఇది సరైన ఎంపిక. మా ప్రోగ్రాముల్లో పదింట ఎనిమిదింటికి సౌండ్ సెట్టు వస్తుంది గనుక నేను కొనలేదు. కొనాలన్న ఆశ పోలేదు, అది వేరే సంగతి.

తేలిక సామానుకి ఒక లోటుంది. పాత యాంప్ పోతే మా బజారులో రేడియో మెకానిక్ మూత విప్పి, ట్రాన్సిస్టర్ మార్చి సాయంత్రానికి ఇచ్చేవాడు. కొత్తవాటి లోపల బోర్డు మీద భాగాలు ఆవగింజల్లా ఉంటాయి, ఇక్కడ ఎవరూ ముట్టుకోరు. విశాఖపట్నమో భువనేశ్వరమో పంపాలి. అంచేత కాంబో కొన్నా సరే, బెరింగర్ లాంటి చవక డీఐ ఒకటి సంచిలో వేసుకోండి. దసరా తొమ్మిది రోజుల మధ్యలో యాంప్ పోతే అదే గట్టెక్కిస్తుంది.

కరెంటు

దీనికి విడిగా చోటిస్తున్నాను, ఎందుకంటే తేలిక సామాను విషయంలో జనం దీన్నే మర్చిపోతారు. అమెరికాలో ఉన్న బావమరిది "అక్కడ సగం ధరకే వస్తుంది బావా" అని యాంప్ తెస్తానంటే, వెనక రేకు మీద 100–240 వోల్టులు అని రాసి ఉంటేనే సరే అనండి. 120 అని మాత్రమే ఉంటే దాన్ని నడపడానికి ఇక్కడ కొనే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీ తేలిక యాంప్ కంటే బరువుంటుంది. 100–240 అని ఉన్నవాటికి ఇంకో లాభం: పెళ్లి జనరేటర్ ఒక్కోసారి 180కి దిగినా ఆగకుండా నడుస్తాయి.

పందిట్లో ఎర్తింగ్ సరిగా లేకపోతే, బేస్ తీగలు పట్టుకుని మైకుకి పెదవి ఆనించగానే షాక్ కొడుతుంది. కోరస్ పాడే బేస్ ప్లేయర్లందరికీ ఇది అనుభవమే. మన యాంప్ ఒక ప్లగ్గు నుంచి, మిక్సర్ వేరే ఎక్కడి నుంచో కరెంటు తీసుకున్నప్పుడు ఇలా జరిగే అవకాశం ఎక్కువ. సౌండ్ వాళ్లు తీసుకున్న బోర్డు నుంచే మీరూ లైన్ తీసుకోండి. గురగుర పోవడానికి డీఐ మీద ఉండే గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కండి, అంతే గానీ ప్లగ్గు మూడో పిన్ను విరగ్గొట్టకండి. మన దగ్గర చాలామంది చేసే పని అది, ప్రాణం మీదికి తెచ్చేది కూడా అదే. సంచిలో ఒక టెస్టర్ ఉండాలి.

భుజం మీద వేలాడేది

ఇప్పుడు బేస్ సంగతి. 1951లో ఫెండర్ ప్రెసిషన్ వచ్చినప్పటి నుంచి తీగ పొడవు 34 అంగుళాలన్నది మామూలు కొలత అయిపోయింది. ఈ కొలతలో మంచి బేస్‌లు నాలుగు కిలోల అటూ ఇటూ ఉంటాయి. చెక్క బరువైతే అయిదు కిలోలకీ పోతాయి. ఒకే మోడల్‌లో ఒకదానికీ ఇంకోదానికీ అరకిలో తేడా రావడం మామూలే, చెక్క చెట్టుని బట్టి ఉంటుంది. ఆన్‌లైన్‌లో రాసిన బరువు నమ్మి కొనకండి. కొట్లో కాటా లేకపోతే బేస్ పట్టుకుని వెయింగ్ మెషిన్ ఎక్కండి, లేకుండా మళ్లీ ఎక్కండి, తేడా చూసుకోండి.

బరువు తగ్గించుకోవడానికి ఒక మార్గం పొట్టి బేస్. తీగ పొడవు 30 అంగుళాలు. బీటిల్స్‌లో పాల్ మెకార్ట్‌నీ 1961లో హాంబర్గ్‌లో కొన్న వయొలిన్ ఆకారపు హాఫ్నర్ ఈ కొలతదే. లోపల బోలుగా ఉంటుంది కాబట్టి రెండు కిలోల పైచిలుకే. ఫెండర్ మస్టాంగ్ కూడా 30 అంగుళాలే, దాని చవక రూపాలు స్క్వయర్ పేరు మీద వస్తాయి. ఐబనేజ్ మైక్రో ఇంకా పొట్టి, 28.6 అంగుళాలు. అది పిల్లల కోసం అనుకుంటారు గానీ పెద్దవాళ్లు స్టేజి మీద వాయిస్తే తప్పేం లేదు.

పొట్టిదానిలో మెడ మీదున్న మెట్ల (ఫ్రెట్ల) మధ్య దూరం తగ్గుతుంది. తిరిగొచ్చినవాడికి బరువు తగ్గడం కంటే ఇదే పెద్ద ఊరట కావచ్చు. చిటికెన వేలు పన్నెండేళ్లు ఏమీ చేయకుండా కూర్చుంది మరి. శబ్దం గుండ్రంగా, కాస్త మెత్తగా వస్తుంది, ఇళయరాజా కాలపు పాటలకి ఆ మెత్తదనం భలే ఉంటుంది. మెటల్ లాగా కణకణమనే శబ్దం కావాలనుకునే కుర్రాళ్లకి నచ్చదు. తీగ బిగువు తక్కువ కాబట్టి గట్టిగా మీటితే శ్రుతి ఒక్క క్షణం పైకి పోతుంది, కుడి చేతిని తేలిక చేసుకోవాలి. నాకు రెండు నెలలు పట్టింది.

రెండో మార్గం తల లేని బేస్. 1980 ప్రాంతంలో నెడ్ స్టైన్‌బర్గర్ మొదలుపెట్టిన పద్ధతి: శ్రుతి కీలన్నీ కింద తీగలు ఆనే బ్రిడ్జి దగ్గరికి చేర్చి, తల తీసేశారు. మామూలు బేస్ నిలువునా నాలుగడుగులకి కాస్త తక్కువ, ఇది ఇంకో అరడుగు పొట్టి. ఆటోలో తల బయటికి రాదు. నా పాత బేస్ తల ఒకసారి బస్సు తలుపులో పడి ఒక కీ వంగిపోయింది, ఆ బాధ దీంతో లేదు. తల బరువు లేదు కాబట్టి భుజం మీద కదలకుండా నిలుస్తుంది. చిక్కల్లా తీగలతోనే. కొన్ని రకాలకి రెండు చివర్లా గుండ్లున్న ప్రత్యేకమైన తీగలు కావాలి. అవి బరంపురంలో దొరకవు, తెప్పించుకోవాలి. మామూలు తీగలు వేసుకునే రకమా కాదా అని అడిగి తీసుకోండి. డబ్బుంటే, మామూలు తీగల రకం దొరికితే, అయిదు తీగలే కావాలంటే ఇది మంచి ఎంపిక. పొట్టి బేస్‌లో బి తీగ వదులుగా తాడులా ఊగుతుంది, నాకు నచ్చలేదు. ఈమధ్య సినిమా పాటల్లో కీబోర్డు బేస్ ‘ఈ’ (E) తీగ కంటే కిందికి దిగుతుంటే నేను ‘ఈ’ (E) తీగని డి దాకా దించుకుని సర్దుకుంటున్నాను.

మూడో మార్గం, 34 అంగుళాలే ఉంచుకుని తేలిక చెక్క, తేలిక కీలు ఉన్నది వెతుక్కోవడం. చేతికి పాత కొలత అలవాటైపోయి, మార్చుకునే ఓపిక లేనివాళ్లకి ఇదే. ఇక్కడ ఒక మోసముంది. ఒళ్లు మరీ తేలికైతే తల కిందికి వాలిపోతుంది. అప్పుడు వాయించే ఎడమ చేయి మొయ్యే చేయి కూడా అవుతుంది. తల వాలే 3.3 కిలోల బేస్ కంటే సమంగా నిలిచే 4.2 కిలోలది భుజానికి మేలు. కొట్లో కూర్చుని వాయించి చూడటం దండగ. బెల్టు వేసుకుని నిలబడి, రెండు చేతులూ వదిలేయండి. తల నేల చూస్తే, ఆ బేస్ ఎంత తేలికైనా సరే, అక్కడే పెట్టేయండి. నిలబడితే ఒక ఇరవై నిమిషాలు అలాగే ఉండండి. కొట్టువాడు మొహం చిట్లిస్తాడు, చిట్లించనివ్వండి.

నేను తీసుకున్నది 30 అంగుళాలది, 3.3 కిలోలు, తల వాలదు. దాంతోపాటు మూడున్నర అంగుళాల వెడల్పు బెల్టు, లోపలి వైపు గరుకు తోలు. అన్నిటికంటే తక్కువ డబ్బుతో ఎక్కువ సుఖం ఇచ్చింది ఆ బెల్టే. ఇప్పుడే ఏమీ కొనలేని పరిస్థితిలో ఉంటే, పాత బేస్‌కే వెడల్పు బెల్టు వేసి, మధ్యలో నాలుగు పాటలు స్టూలు మీద కూర్చుని వాయించండి. పాటకచేరీలో కూర్చుంటే ఎవరూ ఏమీ అనుకోరు.

సంచి, చిల్లర

చెక్క కేసు ఇంట్లో ఉంచండి. మందపాటి నురుగున్న సంచి, వీపున రెండు పట్టీలు, పైన వాన తొడుగు. చవితి, దసరా మనకి వానల్లోనే వస్తాయి గనుక వాన తొడుగు కచ్చితంగా ఉండాలి. సంచిని బస్సు టాపు మీద వెయ్యనివ్వకండి, మోకాళ్ల మధ్య నిలబెట్టుకోండి. చక్రాల ట్రాలీ కొందామనుకున్నాను. గుణుపురం రైలు దిగి ప్లాట్‌ఫారం మీద లాక్కెళ్లడానికి బాగుంటుంది. 1900లో రాజావారు పర్లాకిమిడి దాకా వేయించి, తర్వాత గుణుపురం వరకు సాగిన చిన్నరైలు 2011లో బ్రాడ్‌గేజ్ అయ్యాక ఆ ప్రయాణం సుఖమే. స్టేషను దాటాక రోడ్డు చూస్తే ట్రాలీ కూడా మనమే మొయ్యాల్సిన బరువు.

వైర్‌లెస్ కొనొద్దనే అంటాను. చవకవి వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ మీదే నడుస్తాయి, పందిట్లో రెండు వందల ఫోన్లుంటాయి. మన స్టేజి ఇరవై అడుగులు, అయిదు మీటర్ల వైరు చాలు. ఆ డబ్బుతో మంచి పీ38 జాకులున్న (గిటార్‌కి గుచ్చే లావు పిన్నున్న) వైర్లు రెండు, మీ సొంత మైక్ కేబుల్ ఒకటి కొనుక్కోండి. సౌండ్ వాళ్ల దగ్గర బేస్‌కి ఇవ్వడానికి మిగిలే కేబుల్ ఎప్పుడూ తెగిపోయిందే అయి ఉంటుంది. గోపాలపురం బీచ్ వైపు ప్రోగ్రాముంటే ఒక మెత్తటి గుడ్డ పెట్టుకోండి. ఉప్పుగాలికి తీగలు వారంలో తుప్పు పడతాయి, వాయించాక తుడిస్తే నెల వస్తాయి.

ఇక ఎవరికి ఏది అంటారా. సౌండ్ సెట్టు బాగా వచ్చే పెళ్లిళ్లు, పట్నం ప్రోగ్రాములే చేసేవాళ్లు పెడల్, ఇయర్‌ఫోన్ చాలనుకోవచ్చు. నాలాగా ఒకరోజు బరంపురం కల్యాణమండపం, మర్నాడు కొండ కింద ఊరి పందిరి అయితే డైరెక్ట్ అవుట్ ఉన్న పదంగుళాల కాంబో. సౌండ్ సెట్టే లేని చోట్ల ఎక్కువ వాయిస్తే హెడ్డు, బాక్సు. డబ్బు ఒకేసారి లేకపోతే ఈ వరుసలో: బెల్టు, సంచి, డీఐ పెడల్, బేస్, ఆఖరున కాంబో. పెడల్ కొన్నాక ఎప్పుడైనా ఆగిపోవచ్చు, ప్రోగ్రాములు ఆగవు.

కీబోర్డు వాయించే మిత్రులతో ఒక చిక్కుంది, అది కూడా లెక్కలో వేసుకోండి. మనం లేని పన్నెండేళ్లలో వాళ్ల ఎడమ చేయి బేస్ వాయించడం నేర్చేసుకుంది. వ్యాన్‌లో చోటు లేదనో, సామాను దించడానికి మనుషులు లేరనో ఒక్కసారి అనిపించిందా, మనకి ఫోను రాదు. మా బ్యాండు నాయకుడు నన్ను మళ్లీ పిలిచినప్పుడు అడిగిన మొదటి ప్రశ్న "వేళ్లు ఆడుతున్నాయా" అని కాదు. "సామాను ఏటి తెస్తావు బావా?" అని.

ఇప్పుడు నా సామాను: బేస్ 3.3, సంచి 1.5, పెడల్, వైర్లు, అడాప్టర్, టెస్టర్ కలిపి 1.7, కాంబో 8.2. మొత్తం 14.7 కిలోలు, అదే కాటా మీద తూయించాను. కాంబో అక్కర్లేని చోటికి ఆరున్నరే. పోయిన దసరాకి గుణుపురం అవతల ఒక ఊరికి వ్యాను వెళ్లలేదు, చేను గట్టు మీద రెండు వందల అడుగులు నడవాలి. ఒకప్పుడైతే ఇద్దరు కుర్రాళ్లని పిలిచి, బాక్సు మోయించి, రాత్రి వాళ్లకి కూడా భోజనం చెప్పించేవాణ్ని. ఈసారి వీపున సంచి, కుడి చేతిలో కాంబో. గట్టు సగంలో ఒకసారి చెయ్యి మార్చుకున్నాను.

కొన్నాక మొదటి ప్రోగ్రాం ఒప్పుకునే ముందు ఒక పని చెయ్యండి. అన్నీ సర్దుకుని, ఇంటి నుంచి బస్టాండు దాకా ఆగకుండా నడిచి వెళ్లి, అక్కడ టీ తాగి, మళ్లీ నడిచి రండి. మా ఇంటి నుంచి పన్నెండు నిమిషాలు. దారిలో ఎవరైనా "ఎక్కడ ప్రోగ్రాం మాస్టారూ?" అని అడిగితే ఏదో ఒక ఊరి పేరు చెప్పేయండి.